చదును చేసిన డొంక

ఆయన సస్పెండయ్యాడన్న వార్త పేపర్లో వచ్చిన రోజు పొద్దున్నే ముగ్గురు నాకు ఫోన్ చేశారు. ఒకడైతే "పార్టీ ఎప్పుడు బాబాయ్?" అని అడిగాడు. మా ఇంట్లో పెళ్ళి కుదిరినట్టే మాట్లాడారు. అప్పుడు నేను మిరప తోటకి మందు కొడుతున్నాను. వీపు మీది డబ్బా దించి, చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి పేపర్ చూశాను. లోపలి పేజీలో ఆయన ఫొటో. జుట్టు పూర్తిగా నెరిసింది. గ్రానైట్ లీజుల్లో అవకతవకలని, విచారణకు ఆదేశాలిచ్చారని రాశారు.

ఇరవై రెండు మిర్చి పంటల నుంచి ఆయన మీద అర్జీలు పెడుతున్నవాణ్ణి నేను. సంతోషం రావాలి. రాలేదు. బస్సు కోసం గంటలకొద్దీ నిలబడ్డాక అది వచ్చినా ఎక్కబుద్ధి కాదే, అలా ఉంది. పేపర్ కత్తిరించి సంచిలో పెట్టాను.

ఆ సంచి విత్తనాల కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. అందులో నా అర్జీల నకళ్ళు, వాటికి వచ్చిన జవాబులు, పేపర్లో ఆయన గురించి వచ్చిన ప్రతి ముక్కా ఉంటాయి. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా ఒకటే మాట అంటుంది: "మన పెళ్ళి ఫొటోలకి చెదలు పట్టినా పట్టించుకోలేదు. ఆయన ఫొటోలు మాత్రం భద్రంగా దాచావు."

గొడవంతా ఒక డొంక గురించి. మాది నల్లరేగడి నేల. మార్టూరు వైపు గ్రానైట్ కొండలకీ మా ఊరికీ మధ్య మిరప, పత్తి వేసే పొలాలున్నాయి. వానపడితే ఆ నేలలో కాలు పెట్టినవాడు చెప్పు వదిలేసి రావాల్సిందే. అందుకే మా తాతల నాటి నుంచీ కొండ వారగా బండి దారి ఒకటి ఉండేది. అదే డొంక. పధ్నాలుగు కమతాల వాళ్ళం దాని మీదే బతికాం. ఎరువు అటు వెళ్ళాలన్నా, కాయ ఇటు రావాలన్నా అదే దారి. డొంక చాలా దూరం ప్రభుత్వ భూమిలోంచి పోతుంది. కొండ మీద క్వారీ పెట్టినాయన తన పనికిరాని రాళ్ళు పోసుకోవడానికి ఆ భూమి కావాలని అడిగాడు. ఆ సంగతి తెలిసి మొదటి అర్జీ నేను పెట్టాను. డొంక పోతుంది, ఇవ్వొద్దని.

అప్పుడు ఆయన మా జిల్లాకి జాయింట్ కలెక్టర్. నలభై దాటి ఉండవు. వచ్చిన కొత్తలో మంచి పేరు. బస్సెక్కి వెళ్ళి, మామూలు మనిషిలా లైన్లో నిలబడి, రేషన్ షాపు తూకంలో మోసం పట్టుకున్నాడని చెప్పుకునేవాళ్ళు. కింది వాళ్ళు రాసింది నమ్మడు, తన కళ్ళతో చూస్తే తప్ప సంతకం పెట్టడు అనేవాళ్ళు. నా అర్జీ చదివి, తనే స్వయంగా వచ్చి చూస్తానన్నాడట. ఆ కబురు మా ఊరికి రెండు రోజుల ముందు వచ్చింది.

అక్కడే మేం పొరపాటు చేశాం. మేం అంటున్నాను గానీ, చేసింది నేను.

డొంకలో బండి గాడులు మోకాలి లోతున ఉండేవి. వానల్లో పడిన గాడి ఎండకి రాయిలా బిగుసుకుంటుంది. అలవాటైన ఎడ్లు కళ్ళు మూసుకుని అందులోనే నడుస్తాయి. కానీ కారు రాదు. కారు అడుగు నేలకి తగిలి ఆగిపోతుంది. జిల్లాలో కలెక్టర్ తరవాత కలెక్టరంతటివాడు మన మాట విని వస్తుంటే, ఆయన కారు మన ఊరి గాడిలో ఇరుక్కుంటే ఎంత తలవంపు? నేను మా పక్క పొలం అతని దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు ముస్లింలు. మూడు తరాలుగా మా పక్కనే సేద్యం చేస్తున్నారు. చుట్టరికం లేకపోయినా వరస ఉంది. నన్ను మామా అంటాడు, నేను అల్లుడూ అంటాను. ఊళ్ళో మొదట ట్రాక్టర్, దానికి నేల చదును చేసే బ్లేడు కొన్నది అతనే.

"అల్లుడూ, రేపు పొద్దున డొంకకి బ్లేడు వెయ్యి."

"దేనికి మామా?"

"దొరగారు వస్తున్నాడు. కారు ఊగకూడదు."

"అది దారి అని చూపించడానిక్కదా రమ్మంది! దారిని చెక్కేసి చూపిస్తావా?"

"ఏరా, ఇంటికి చుట్టం వస్తే వాకిలి ఊడవమా?"

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ తెచ్చి బ్లేడు వేశాడు. సాయంత్రం ఆడవాళ్ళు నీళ్ళు చల్లారు. మా ఆవిడ పేడనీళ్ళు కలిపి, కారు ఆగే చోట కళ్ళాపి జల్లి ముగ్గు పెట్టింది. తెల్లారేసరికి నేల అద్దంలా తయారైంది. అంత నున్నటి గట్టి నేల మళ్ళీ దొరకదనిపించింది. ఇంటి వెనకాల ఇరుకులో ఆరుతున్న మా రెండో కోత కాయని తెచ్చి ఒక వారగా ఆరబోశాను. పంట ఎంత బాగుందో ఆయన కూడా చూస్తాడు, ఇంత పంట ఈ దారినే కదలాలి కదా అనుకుంటాడని నా ఉద్దేశం.

ఆయన పదిగంటలకి వచ్చాడు. కారు ఒక్క కుదుపు లేకుండా వచ్చి ఆగింది. మాకు గర్వంగా కూడా అనిపించింది. ఆయన దిగి, మ్యాపు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"డొంక ఎక్కడయ్యా?"

"తమరు నిలబడింది డొంకలోనే సార్" అన్నాను.

"నేను నిలబడింది నీ కల్లంలో. ఈ కాయ ఎవరిది?"

"నాదే సార్."

"మ్యాపులో చుక్కల గీత ఉంది, కాదనను. కానీ బండి నడిచే దారికి బండి జాడ ఉండాలిగా. ఏదీ?"

ఇరవై అడుగుల దూరంలో ట్రాక్టర్ నిలబడి ఉంది. బ్లేడుకి మట్టి ఇంకా అంటుకునే ఉంది. మా అల్లుడు నోరు తెరిచాడు. నేను అతని కాలు తొక్కాను. ఎందుకు తొక్కానో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. మీ కోసమే చెరిపేశాం అని ఇంటికొచ్చిన పెద్దమనిషి మొహం మీద అనడం మర్యాద కాదనిపించింది. పైగా అర్జీ పెట్టిన నేనే జాడలు చెరిపానంటే, అందరి ముందూ తెలివితక్కువవాణ్ణి అవుతాను. "ఉంటాయి సార్, బళ్ళు తిరుగుతూనే ఉంటాయి" అన్నాను. అది కూడా గట్టిగా అనలేదు.

ఆయన నా అర్జీల ఫైలు తిరగేశాడు. అంతకుముందు కాలవ గురించి, కరెంటు స్తంభం గురించి కూడా నేను రాసి ఉన్నాను. నవ్వి అన్నాడు: "ఈ ఊళ్ళో మిర్చి కన్నా అర్జీలే బాగా పండుతున్నట్టున్నాయే!"

పక్కనున్న ఆఫీసర్లు నవ్వారు. అది సరే, నవ్వాలి, వాళ్ళకి ఉద్యోగం. కానీ మా ఊరివాళ్ళూ నవ్వారు. డొంక వాళ్ళది కూడా. నా సొంత బావమరిది నవ్వాడు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ వరసగా తెలుసు. అందులో ఇద్దరు చనిపోయారు. మిగతావాళ్ళతో మాట్లాడతాను, శుభకార్యాలకి వెళతాను, కానీ మర్చిపోలేదు.

మా ఆవిడ గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. కరివేపాకు, అల్లం వేసి, కుండలో చల్లబెట్టింది. ఆయన వద్దని చేత్తో సైగ చేసి కారెక్కాడు. ఆయన గన్‌మన్ రెండు గ్లాసులు తాగాడు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'స్వయంగా తనిఖీ చేయగా క్షేత్రస్థాయిలో బండి దారి కనిపించలేదు. సదరు స్థలాన్ని అర్జీదారుడే మిర్చి ఆరబోతకు వాడుతున్నాడు.' రాళ్ళు పోసుకోవడానికి భూమి ఇచ్చేశారు. ఆ ఏడు మూడో కోత అయ్యేసరికే లారీలు రావడం మొదలైంది. గది అంత రాళ్ళు, పగిలినవి, వంకర కోసినవి, డొంక మీద గోడలా పేరుకున్నాయి.

పధ్నాలుగు కమతాల్లో తొమ్మిది మందికి వేరే దారి దొరికింది. నలుగురు పొలం అమ్ముకున్నారు. మిగిలింది నేను. మా పొలానికి దారి ఇప్పుడు మా అల్లుడి చేను గట్టు ఒక్కటే. అది మూరెడు వెడల్పు. బండి రాదు, ట్రాక్టర్ రాదు. కోసిన కాయని చిన్న మూటలు కట్టి, తలల మీద పెట్టుకుని, గట్టు దాటించి, రోడ్డు మీద టిక్కీ బస్తాల్లోకి ఎత్తాలి. కూలీలు రెండేళ్ళు వచ్చారు. తరవాత రావడం మానేశారు. "మీ చేలో కాయ కొయ్యడం ఒక పని, మొయ్యడం రెండో పని బాబాయ్, మాకు పక్క చేలు లేవా?" అని మొహం మీదే అన్నారు. వాళ్ళది తప్పు లేదు. అలా మా ఆవిడ మొయ్యడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ కిందట మంచు కురిసిన పొద్దున గట్టు మీద జారి, మూటతో సహా పడింది. కుడి మోకాలు పోయింది. ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది. నేను డొంక అంటే ఊళ్ళోవాళ్ళకి నా మొండితనం కనిపిస్తుంది. నాకు ఆ మోకాలు కనిపిస్తుంది.

అర్జీలు రాస్తూనే ఉన్నాను. సోమవారం సోమవారం కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. తెల్లవారుజాము బస్సెక్కి ఒంగోలు వెళ్ళడం, లైన్లో నిలబడటం, రసీదు తీసుకోవడం. నెల తిరక్కుండా జవాబు వచ్చేది: 'గతంలోనే పరిష్కరించబడినది.' తరవాత కాయితం పోయి ఫోన్‌కి మెసేజ్ రావడం మొదలైంది. మీ సమస్య పరిష్కారమైంది, సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. నేను రెండు నొక్కితే, మళ్ళీ పరిష్కారమైందని మెసేజ్ వచ్చేది. జిల్లాలు విడదీశాక ఫైలు ఏ జిల్లాకి పోవాలో తేలడానికే ఏడాది పట్టింది. ఒక గుమాస్తా నన్ను చూడగానే "వచ్చారా మాస్టారూ, మీ కుర్చీ ఖాళీగానే ఉంది" అనేవాడు. నేను మాస్టార్ని కాదు. అదీ రాసి పెట్టుకున్నాను.

ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన ఎక్కడెక్కడికో వెళ్ళాడు. నేను పేపర్లో చూస్తూ వచ్చాను. వేరే జిల్లాకి కలెక్టరై, తుపాను వచ్చినప్పుడు మూడు రోజులు నిద్ర లేకుండా పనిచేశాడని మెచ్చుకున్నారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ ఫొటో వేశారు. నిజాయితీగా చెప్పాలంటే ఆ ఫొటో బాగుంది. అదే జిల్లాలో ఒక ఆడ డాక్టర్‌ని మీటింగులో నిలబెట్టి కన్నీళ్ళు పెట్టించాడని గొడవైంది. కోర్టు చెప్పినా ఎవరికో భూమి తిరిగి ఇవ్వలేదని, కోర్టు లేచేదాకా నిలబడే శిక్ష పడింది. ఆ వార్త మాత్రం రెండు కాపీలు కత్తిరించాను. ఒక ప్రభుత్వం ఆయన్ని నెత్తిన పెట్టుకుంటే, తరవాతి ప్రభుత్వం ఎవరూ తొంగిచూడని శాఖకి పంపేది. మళ్ళీ వాళ్ళొస్తే మళ్ళీ పైకి. ఒక దఫా గనుల వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆ తరవాత వచ్చిన వాళ్ళే ఇప్పుడు సస్పెండ్ చేసి విచారణ వేశారు.

నేను రాసిన ఏ అర్జీలోనూ బ్లేడు సంగతి లేదు. 'అనాదిగా బండ్ల జాడలు స్పష్టంగా ఉన్న దారిని, అధికారి కావాలనే చూడనట్టు రాశారు' అని మొదటి అప్పీలులో రాశాను. ఆ తరవాత అదే వాక్యం ప్రతిసారీ ఎత్తి రాశాను. మా అల్లుడు ఏడాదికొకసారైనా అనేవాడు.

"మామా, ఉన్నది రాసెయ్ మామా. మేమే చదును చేశాం, కారు కోసం చేశాం అని. బ్లేడు వేసింది నేనే, సంతకం పెడతా."

"మన తప్పు మనమే కాయితం మీద పెట్టుకుంటామా? వాళ్ళు దాన్నే పట్టుకుంటారు."

"ఇప్పుడేం వదిలారు?"

అతనితో ఇక ఆ మాట ఎత్తొద్దన్నాను. తన గట్టు మీద నడుస్తూ తనకే అడ్డం చెప్పాను. అతను మాత్రం ఆ ఏడు గట్టు పక్కన రెండు సాళ్ళు పత్తి వెయ్యకుండా ఖాళీగా వదిలాడు, మా ఆవిడ కాలు పెట్టుకోవడానికి చోటుంటుందని. అదీ నాకు గుర్తుంది. గుర్తుండేవి అన్నీ అవమానాలే అనుకోకండి.

విచారణకి రమ్మని నాకూ నోటీసు వచ్చింది. లీజుల ఫైళ్ళలో అన్నిటికన్నా పాత ఫిర్యాదు నాదట. రెండు రోజుల తరవాత, ఇప్పుడు ప్రభుత్వం నడుపుతున్న వాళ్ళ మనిషి ఒకతను ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అన్నా, ఎక్కువేం అక్కర్లేదు. ఆయనొచ్చిన రోజు బండి గాడులు కళ్ళెదుట ఉన్నాయ్, ఆయన చూసి కూడా లేవని రాశాడు, ఆ ఒక్క ముక్క చెప్పు. ఆ లీజు రద్దయిపోద్ది. డొంక నీదే."

"ఇన్నాళ్ళూ అర్జీల్లో అదేగా రాశాను" అన్నాను.

"మరింకేం! రాసిందే చెప్పన్నా."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఎవరని అడిగింది. చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతిలోది తీసి పక్కన పడేసి, "నువ్వు రాసింది నువ్వు నమ్ముతున్నావా?" అంది. 

విచారణ ఒంగోలులో ఒక గవర్నమెంటు బంగళాలో జరిగింది. మా అల్లుడే మోటారు సైకిల్ మీద తీసుకెళ్ళాడు. వరండాలో బెంచీలు వేశారు. నేను వెళ్ళేసరికి ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరులో ఫైలు. నా సంచిలాంటిదే, కొంచెం కొత్తది. అటూ ఇటూ వెళ్ళే ఉద్యోగులు ఆయన్ని చూసి తల తిప్పుకుంటున్నారు. అటెండరు వచ్చి "సార్, ఆ ఫ్యాన్ తిరగదు, ఇటొచ్చి కూర్చోండి" అని నా పక్క బెంచీ చూపించాడు. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీరూ దీనికేనా?" అన్నాడు.

ఊరి పేరు చెప్పాను. ఆలోచించాడు.

"కొండ పక్క... మిర్చి కల్లం. నేల గుర్తుంది. సిమెంటు వేసినట్టు ఉండింది. అంత నున్నటి కల్లం మళ్ళీ ఎక్కడా చూళ్ళేదు."

"నేను గుర్తున్నానా అండీ?"

కళ్ళద్దాలు తీసి చూశాడు. "లేదండీ. చాలామందిని చూస్తాం కదా."

"మీ ఊళ్ళో మిర్చి కన్నా అర్జీలే బాగా పండుతున్నాయి అన్నారు."

"నేనా?"

"తమరే. అందరూ నవ్వారు."

"అయుండొచ్చు. అప్పట్లో ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు పక్కనే ఉండేవాళ్ళుగా." కొంచెం ఆగి, "తప్పే" అన్నాడు.

"మా ఆవిడ మజ్జిగ తెస్తే ముట్టుకోలేదు."

"మజ్జిగా? నాకు పాలు, పెరుగు పడవండీ. చిన్నప్పటి నుంచీ అంతే. ముట్టుకుంటే ఆ రోజంతా అవస్థ."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు మోసిన దాన్ని ఒక్క ముక్కలో తీసేశాడు. అది అవమానం కాదని తెలిసినంత మాత్రాన ఇన్నేళ్ళూ పడ్డ బాధ వెనక్కి పోతుందా? మా ఆవిడకి ఆ మాట చెబితే ఏమంటుందో తెలుసు. నవ్వుతుంది.

లోపలికి పిలిచారు. విచారణ చేస్తున్నది రిటైరైన ఒక పెద్దావిడ, పూర్వం పెద్ద ఉద్యోగం చేసింది. ప్రభుత్వం తరఫున ప్రశ్నలడిగే ఆయన ఒకవైపు కూర్చున్నాడు, ఈయన మరోవైపు. ప్రభుత్వం తరఫు ఆయన నా మొదటి అప్పీలు చదివి వినిపించి, "ఇది మీరు రాసిందేనా?" అన్నాడు. నేనేనన్నాను. "నిజమేనా?" అని అడక్కుండా కూర్చున్నాడు. తరవాత ఆవిడ ఈయన వైపు తిరిగి, "మీరేమైనా అడగాలా?" అంది. తన మీద సాక్ష్యం చెప్పేవాణ్ణి ఈయన ప్రశ్నలడగొచ్చట.

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు కూడా ఆ రోజుదే. "నేను వచ్చిన రోజు బండి జాడలు ఉన్నాయా?"

అదే ప్రశ్న. ఆ రోజు ఏదీ అన్నాడు, ఇవాళ ఉన్నాయా అంటున్నాడు. ఉన్నాయి అంటే లీజు పోతుంది, రాళ్ళు పోతాయి, మా ఆవిడ గట్టు మీద నడవక్కర్లేదు. ఆయన కూడా పోతాడు. ఇన్నేళ్ళూ నాకు కావలసింది అదేగా అనుకున్నాను. కానీ ఆయన చూసి కూడా లేవన్నాడని నేను చెబితే, అది అబద్ధం. ఆయన మీద నాకున్న కోపం అంతా నిజమైన కోపం. దాన్ని అబద్ధంతో తీర్చుకుంటే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది?

"లేవండి" అన్నాను. "అంతకు ముందు రోజు పొద్దుటి దాకా ఉన్నాయి. తమరి కారు కోసం మేమే బ్లేడు వేసి పూడ్చాం. వేయించింది నేను."

 ఈయన కూర్చున్నాడు. కూర్చుని, "ఆ రోజు చెప్తే సరిపోయేదిగా" అన్నాడు, మెల్లగా.

"తమరు నవ్వకముందు చెప్పాల్సింది, చెప్పలేదు. నవ్విన తరవాత ఇంక చెప్పలేకపోయాను."

పెద్దావిడ నా అర్జీల కట్ట తిరగేస్తోంది. చాలాసేపు తిరగేసింది. "ఇన్ని అర్జీల్లో ఈ మాట ఒక్కదాంట్లో కూడా లేదేమండీ?" అంది. "మ్యాపులో దారి ఉంది. జాడలు లేకపోవడానికి కారణం ఉంది. ట్రాక్టర్ తోలిన మనిషి ఉన్నాడు. మొదటి అప్పీల్లోనే ఈ ముక్క రాసి ఉంటే, ఏ ఆఫీసరైనా మళ్ళీ సర్వే చేయించేవాడే. మీరు ఆయన అబద్ధం రాశాడని రాశారు. ఆయన చూసిందే రాశాడని వాళ్ళు కొట్టేస్తూ వచ్చారు."

 ఆవిడ నన్ను తిట్టలేదు, జాలి చూపించలేదు. దారిన పోతూ ఒకచోట రాయి ఉంది చూసుకోండి అన్నట్టు చెప్పింది. అందుకే తట్టుకోలేకపోయాను. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా అల్లుడు అడిగాడు.

"ఏం చెప్పావ్ మామా?"

"బ్లేడు సంగతి."

అతను నా వైపు చూసి, తల అడ్డంగా ఊపి, "పద, టీ తాగుదాం. నా కాలు ఇన్నాళ్ళకి వదిలావ్" అన్నాడు.

మర్నాడు ఆ ఫోన్ మనిషి మళ్ళీ చేశాడు. ఈసారి అన్నా అనలేదు. ఏమన్నాడో ఇక్కడ రాయను గానీ, తేదీ, టైముతో సహా రాసి పెట్టుకున్నాను.

ఆ తరవాతి సోమవారం కొత్త అర్జీ పెట్టాను. 'డొంకలోని బండి జాడలను అధికారి గౌరవార్థం మేమే చదును చేసితిమి' అన్నది మొదటి వాక్యం. కింద నాతో పాటు మా అల్లుడి సంతకం. అది రాయడానికి నాకు పావుగంట పట్టింది. ఇరవై రెండేళ్ళ తరవాత పావుగంట.

రెండు నెలలకి ఇప్పటి జాయింట్ కలెక్టర్ చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. చిన్నపిల్లలా ఉంటుందట, గట్టిదట. ఊళ్ళో ఇద్దరు నా దగ్గరికి వచ్చి, "ఊరి దగ్గర ముక్కంతా గోతులు, కాస్త మట్టి పోయిద్దామా?" అన్నారు. వాళ్ళలో ఒకడు ఆ రోజు నవ్వినవాళ్ళలో ఉన్నాడు. "ఒక్క బెడ్డ కదిలిస్తే ఊరుకోను" అన్నాను. మా ఆవిడని ముగ్గు కూడా పెట్టొద్దన్నాను. జాయింట్ కలెక్టర్ కారు నిజంగానే ఊరి చివర గోతిలో ఆగిపోయింది. దిగి, నడిచి, రాళ్ళ గుట్ట దాకా వచ్చింది. మజ్జిగ తాగింది. ఒకచోట రాళ్ళ సందులో పాత గాడి ఒకటి, గట్టిపడి, బారెడు పొడవున అలాగే ఉంది. బ్లేడు అందని చోటు. మా అల్లుడే చూపించాడు. ఆవిడ వంగి ఫొటో తీసుకుంది.

ఉత్తర్వు సగం వచ్చింది. ఊరి వైపు సగం డొంక మీద రాళ్ళు తీసెయ్యాలని. కొండ వైపు సగం మీద క్వారీ ఆయన కోర్టుకి వెళ్ళాడు. అది సర్వే తరవాత తేలుస్తారట. పాత జాయింట్ కలెక్టర్ మీద మా డొంక లీజు ఆరోపణ రుజువు కాలేదని, మిగతా ఆరోపణల మీద విచారణ సాగుతుందని పేపర్లో వచ్చింది. రిటైరవడానికి ముందు రోజు మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారట. నా వల్ల ఆయనకి ఎంతో కొంత మేలు జరిగింది. ఒక్క ముక్క కబురు పంపలేదు. నేను ఆశించి చెప్పలేదు గానీ, గుర్తు పెట్టుకున్నాను.

రాళ్ళు తీశాక ఇప్పుడు మా అల్లుడి ట్రాక్టర్ సగం దాకా వస్తుంది. మిగతా సగం గట్టు మీదే. మొన్న మొదటి కోతకి మా ఆవిడ ట్రాలీలో కూర్చుని వచ్చింది. వానల తరవాత ట్రాక్టర్ తిరిగి తిరిగి డొంకలో గాడులు లోతుగా పడ్డాయి. ట్రాలీ ఎగిరెగిరి పడుతోంది. ఆమె రెండు చేతులతో మోకాలు పట్టుకుంది.

"మామా, అత్తకి నొప్పిగా ఉంది. ఈ రెండు గాడుల మీద బ్లేడు లాగనా? పది నిమిషాల పని" అన్నాడు మా అల్లుడు.

"వద్దు. సర్వే వాళ్ళు ఇంకా రావాలి."

"ఎప్పుడొస్తారు?" అంది మా ఆవిడ.

"ఈ నెలాఖర్లో అన్నారు."

ఆమె ట్రాక్టర్ ఆపమంది. మెల్లగా కాలు దించి, గాడి అంచున, గడ్డి మీద నడవడం మొదలుపెట్టింది. నేనూ దిగి ఆమె వెనకాల నడిచాను.